మడమలు చూడండి

మా పెద్దమ్మ పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర, వరసకు బాబాయి అయ్యే ఒక పెద్దాయన అన్నాడు: "కడుపున పుట్టిన కొడుకు డాలస్‌లో ఉన్నాడు. పెంచుకున్న దానివి నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు. ఇంతమంది ఉండి ఆ మహాతల్లిని ఆశ్రమం పాలు చేశారు. అది మంచి ఆశ్రమమా, చెడ్డదా అని మళ్ళీ చెప్పుకోవడం ఎందుకమ్మా? ఏదైనా ఒకటే." పంక్తిలో నలుగురు తలూపారు. నా చేతిలో సాంబారు బకెట్టు ఉంది. ఆయన విస్తట్లో వడ్డించి ముందుకు కదిలాను. ఆ రోజు చెప్పని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట వల్ల ముసలివాళ్ళ ఒళ్ళు ఎలా పుండవుతుందో కళ్ళారా చూశాను, అందుకే రాస్తున్నాను.

"ఏదైనా ఒకటే" అన్నది మన ఇళ్ళలో దాదాపు అందరూ ఒప్పుకునే మాట. పెళ్ళిళ్ళలో అనుకుంటాం, వాట్సాప్‌లో కన్నీళ్ళ కథలుగా పంపుకుంటాం. సినిమాలో కొడుకు దుర్మార్గుడని చెప్పాలంటే తండ్రిని ఆశ్రమం గేటు దగ్గర దింపే సీను ఒక్కటి చాలు. వినడానికి ఇది ధర్మం పక్షాన మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నేను దీన్ని అధర్మం అంటాను. చేర్చడమే పాపమని ముందే తేల్చేశాక, ఎక్కడ చేర్చారు, అక్కడ రాత్రిపూట ఎవరుంటారు, ఆవిడకి రోజూ ఎన్ని గ్లాసుల నీళ్ళు పడుతున్నారు అన్న ప్రశ్నలు ఎవరి నోటా రావు. అడగనివాళ్ళ దగ్గర మంచి హోమ్‌కి గుర్తింపు లేదు, చెడ్డ హోమ్‌కి భయం లేదు.

పేరు దగ్గరే మనకి గందరగోళం ఉంది. నర్సింగ్ హోమ్ అంటే మనకి కాన్పులకి, ఆపరేషన్లకి వెళ్ళే చిన్న ఆసుపత్రి. మంచాన పడ్డ పెద్దవాళ్ళను నెలల తరబడి చూసుకునే చోటుకి తెలుగులో స్థిరపడ్డ పేరే లేదు. దిక్కులేనివాళ్ళకి అన్నం పెట్టే సత్రాన్నీ, నెలకి నలభై వేలు తీసుకునే చోటునీ ఒకే మాటతో ఆశ్రమం అంటాం. కొందరు ఓల్డేజ్ హోమ్ అంటారు, కొందరు కేర్ హోమ్ అని బోర్డు పెడతారు. పేరే కుదరని దానికి కొలతలెక్కడ కుదురుతాయి? నేనిక్కడ మాట్లాడేది ఆ చివరి రకం గురించి. పక్షవాతం వచ్చి, తుంటి విరిగి, మతిమరుపు ముదిరి, తనంతట తాను పక్క తిరగలేని మనిషిని డబ్బు తీసుకుని చూసుకునే చోటు గురించి.

పెద్దమ్మకి 78 ఏళ్ళప్పుడు ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. డాలస్ నుంచి అన్నయ్య పదహారు రోజుల సెలవు మీద వచ్చాడు. అందులో పది రోజులు ఆసుపత్రిలోనే పోయాయి. తిరుగు ప్రయాణానికి ఆరు రోజులుందనగా, అర్ధరాత్రి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు. "తెనాలిలో మనవాళ్ళెవరికీ చెప్పకు, ఫిజియోథెరపీకి పెట్టామని చెప్దాం" అన్నాడు. సరే అన్నాను. ఆదివారం పదకొండింటికి ఒకే ఒక్క హోమ్ చూశాం. గేటు లోపల వినాయకుడి గుడి, పచ్చిక, చేపల తొట్టి. ఆఫీసు గదిలో గోడ నిండా ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు, డాక్టరు పేరుతో బోర్డు. డైనింగ్ హాల్లో తళతళలాడే స్టీలు కంచాలు. గూగుల్‌లో 4.8. పైఅంతస్తులో మంచాన పడ్డవాళ్ళు ఉంటారట, ఇప్పుడు వాళ్ళ రెస్ట్ టైమ్ అని చూపించలేదు. మేమూ పట్టుబట్టలేదు. పన్నెండున్నరకి లక్ష డిపాజిట్ కట్టి సంతకం పెట్టేశాం. ఫ్రిజ్ కొనడానికి మా ఇంట్లో ఇంతకంటే ఎక్కువ సేపు ఆలోచిస్తాం.

ఎనిమిది ఆదివారాలు వరసగా వెళ్ళాను. వాళ్ళు చెప్పిన వేళకే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి పెద్దమ్మకి స్నానం అయి, ఉతికిన నైటీ వేసి, మెడకి పౌడరు పూసి, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి ఉంచేవాళ్ళు. జుట్టు మాత్రం కత్తిరించేశారు. పేలు పడతాయి కదమ్మా అన్నారు. నేను ఆవిడ చేయి పట్టుకుని గంట కూర్చుని, అరటిపండు తినిపించి వచ్చేదాన్ని. తొమ్మిదో వారం జ్వరమని ఫోన్ వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ నర్సు ఆవిణ్ణి పక్కకి తిప్పి, ఒక్క నిమిషం ఆగి, "రండమ్మా, మీరు చూడాలి" అంది. నడుము కింద, తోక ఎముక మీద, నిమ్మకాయ పట్టేంత గుంట. వాసన. ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత నలుపు. "ఇది రెండు రోజుల్లో వచ్చింది కాదు" అంది ఆ అమ్మాయి, నా మొహంలోకి చూడకుండా.

ఎనిమిది ఆదివారాలు పక్కనే కూర్చున్నాను. ఒక్కసారి కూడా దుప్పటి ఎత్తి కాళ్ళు చూడలేదు.

ఎందుకు చూడలేదు? నాకు కళ్ళు లేక కాదు, ప్రేమ లేక కాదు. అప్పటికే తల దించుకుని ఉన్నాను కాబట్టి. ఆ ఆవరణలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ తప్పు చేసినదానిలా వెళ్ళాను. మనం చేయలేని పని వాళ్ళు చేస్తున్నారు, ఇంకా వాళ్ళని ప్రశ్నించడం ఏ మొహం పెట్టుకుని అనుకున్నాను. గట్టిగా అడిగితే మీరే తీసుకెళ్ళండి అంటారేమోనని భయపడ్డాను. అన్నయ్య అయితే హోమ్ ఫోటోలు కూడా ఎవరికీ పంపలేదు. ఊళ్ళో తెలిస్తే కనీసం ఇద్దరు పిన్నులు, ఒక మేనత్త కూతురు అనుకోకుండా వెళ్ళి చూసి వచ్చేవాళ్ళు. అందులో ఒకరు గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయిన మనిషి. ఆవిడ చూసి ఉంటే మొదటి వారమే పట్టేసేది. మా సిగ్గు ఆ కళ్ళన్నిటినీ పెద్దమ్మకి దూరం చేసింది. బాబాయి అన్న మాట బలం ఇదే. ఆ మాట ఎవరినీ ఇంట్లో ఉంచి చూసుకునేలా చేయదు. చేర్చక తప్పనివాళ్ళని దొంగచాటుగా, తొందరగా, ఒక్క చోటే చూసి చేర్చేలా చేస్తుంది. చేర్చాక మళ్ళీ తలెత్తి చూడకుండా చేస్తుంది.

ఇక "అన్నీ ఒకటే" అన్న దాని సంగతి. ఒకటి కావు. తేడా ఎక్కడుందో లెక్కవేసి చూపించవచ్చు.

మంచం మీద కదలకుండా ఉన్న మనిషికి ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలుగుతుంది. అక్కడికి రక్తం అందదు. దానికి డైపరు తడి తోడైతే, తిండి తగ్గితే, చర్మం చచ్చిపోవడం మొదలవుతుంది. అందుకే తిరగలేనివాళ్ళని రెండేసి గంటలకొకసారి పక్క మార్చడం ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇప్పుడు అలాంటివాళ్ళు 20 మంది ఉన్న ఒక హాలు అనుకోండి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా పది గంటలు. మనిషికి ఐదుసార్ల చొప్పున వందసార్లు పక్క మార్చాలి. మార్చడం, డైపరు చూడడం, తుడవడం, దిండ్లు సర్దడం కలిపి ఇద్దరు మనుషులు ఆరు నిమిషాల్లో చేస్తారనుకుందాం. వంద ఆర్లు ఆరు వందల నిమిషాలు. అంటే సరిగ్గా పది గంటలు. ఇద్దరు ఆయాలు ఒక్క నిమిషం కూర్చోకుండా, మంచినీళ్ళు తాగకుండా, ఎవరికీ విరేచనాలు కాకుండా, ఎవరూ కేక పెట్టకుండా ఉంటే తెల్లారేసరికి ఆ పని అవుతుంది. ఆ హాల్లో రాత్రిపూట ఉన్నది ఒక్క ఆయా అయితే, ఆమె దేవత అయినా ఆ పని కాదు. ఎవరి పక్కో మారదు. ఆ మనిషి పేరు మీ అమ్మ కావచ్చు.

ఈ లెక్క తెలుసుకోవడానికి డాక్టరు చదువు అక్కరలేదు. హోమ్ వాళ్ళని రెండు ప్రశ్నలు అడిగితే చాలు: తనంతట తాను లేవలేనివాళ్ళు ఎంతమంది? నిన్న రాత్రి డ్యూటీలో ఎంతమంది? "మా దగ్గర 24 గంటలూ స్టాఫ్ ఉంటారమ్మా" అన్నది జవాబు కాదు. అంకె చెప్పమనండి. పేర్లు చెప్పమనండి.

అమెరికాలో ఈ అంకె కోసం పెద్ద పోరాటమే జరిగింది. అక్కడ ఇలాంటి చోట్లనే నర్సింగ్ హోములు అంటారు. 1987లో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం తెచ్చారు. స్టాఫ్ సౌకర్యం కోసం మనిషిని మంచానికి కట్టేయడం, మందులతో మత్తులో ఉంచడం కుదరదని అందులో రాశారు. 2024లో ప్రభుత్వం ఒక నియమం ప్రకటించింది: ఒక్కో మనిషికీ రోజుకి సగటున 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలి. 20 మంది అయితే దాదాపు 70 గంటలు. అంటే పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్ళు రోజుకి ఆరుగురు. వంటమనిషీ, ఊడ్చే మనిషీ ఇందులో లేరు. ఆ నియమాన్ని యజమానులు కోర్టుకి లాగారు, 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేశారు. కోర్టు దాకా వెళ్ళి ఎందుకు పోట్లాడారంటే, ఖర్చంతా అక్కడే ఉంది. చేపల తొట్టి ఒక్కసారి కొంటే అయిపోతుంది. రాత్రి రెండో ఆయా ప్రతి నెలా జీతం అడుగుతుంది.

ఇక్కడ రెండో అపోహ గురించి కూడా మాట్లాడాలి. "అన్నీ ఒకటే" అనేవాళ్ళే తమ వంతు వచ్చేసరికి "మేం మంచిదే చూసి పెట్టాం" అంటారు. ఎలా చూశారు? ఫీజు చూసి, భవనం చూసి, గోడ మీద సర్టిఫికెట్ చూసి. ఆ ఫ్రేముల్లో ఏముందో నేను తర్వాత వెళ్ళి చదివాను. ఒకటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఇచ్చిన నమోదు పత్రం. భజన మండలికి, కాలనీ సంక్షేమ సంఘానికి ఇచ్చేది కూడా ఆ పత్రమే. ఇంకొకటి ఐఎస్‌ఓ 9001. అది సంస్థ తన పనుల్ని ఒక పద్ధతి ప్రకారం నడుపుతోందని చెబుతుంది. మా పెద్దమ్మ మడమ సంగతి చెప్పదు. నక్షత్రాల మాటకొస్తే, అమెరికా ప్రభుత్వమే 2008 చివర్లో నర్సింగ్ హోములకి ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి అందులో పెద్ద భాగం హోములు తమ గురించి తాము పంపుకున్న లెక్కలే. స్టాఫ్ సంఖ్యని జీతాల రికార్డుల నుంచి తీసుకోవడం చాలా ఆలస్యంగా జరిగింది. 2020 మొదట్లో కోవిడ్ అమెరికాలో మొదట విరుచుకుపడ్డ చోటు వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్‌లో ఒక నర్సింగ్ హోమ్. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉండే రెడ్‌మండ్‌కి ఆనుకునే ఉంటుంది ఆ ఊరు. అక్కడ పదుల మంది పెద్దవాళ్ళు పోయారు. ఆ నాటికి ఆ హోమ్‌కి ఐదు నక్షత్రాలున్నాయి.

అయినా అమెరికావాళ్ళకి ఒక మేలు ఉంది. నక్షత్రాల వెనక తనిఖీ నివేదికలు ఉంటాయి, ఎవరైనా చదవవచ్చు. మనకి? 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, 150 మంది పేద వృద్ధులకి చోటు ఉండేలా రాష్ట్రాలు పెట్టవచ్చని చెప్పింది. పోషణ కోసం నెలకి పది వేల దాకా పిల్లల నుంచి ఇప్పించవచ్చని, వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు అని చెప్పింది. ఎక్కువగా పిల్లల బాధ్యత గురించిన మాటలే. డబ్బు తీసుకుని చూసుకునే ప్రైవేటు హోమ్‌ని ముందు పరీక్షించి లైసెన్సు ఇవ్వాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. హోములకి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెట్టాలని 2019లో లోక్‌సభ ముందుకి సవరణ బిల్లు వచ్చింది. చట్టం కాకుండానే పోయింది. అంటే మన చట్టం కూడా బాబాయిలాగే ఆలోచించింది: కొడుకు వదిలేశాడా లేదా అని అడిగింది, వదిలిన చోట ఎలా చూశారని అడగలేదు.

అందువల్ల ఇవాళ మన దగ్గర ఆ మంచం దాకా వెళ్ళే ఇన్‌స్పెక్టరు ఒక్కరే. కూతురు. లేదా కొడుకు, కోడలు, మేనకోడలు. ఆ ఒక్క ఇన్‌స్పెక్టర్ని కూడా సిగ్గుతో కుంగదీసి, ఆదివారం పదకొండింటికి అరటిపండు ఇచ్చి వచ్చే చుట్టంగా మార్చేస్తున్నాం.

"ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటే ఈ గొడవే లేదు కదా" అంటారు. ఇందులో నిజం ఉంది, కాదనను. తన వంటింటి పోపు వాసన, తన పేరు పెట్టి పిలిచే గొంతు, మనవడి అల్లరి, ఇవి ఏ హోమూ ఇవ్వలేదు. కుదిరినవాళ్ళు ఇంట్లోనే చూసుకోవాలి, వాళ్ళకి నా నమస్కారం. కానీ ఇంట్లో పుండ్లు పడవా? మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక తాతగారు ఉండేవారు. కొడుకు న్యూజెర్సీలో. ఏజెన్సీ నుంచి ఒక్క అబ్బాయిని 24 గంటలకీ పెట్టి, గదిలో కెమెరా బిగించారు. ఆ అబ్బాయి కూడా మనిషే, రాత్రి పడుకుంటాడు. కెమెరాలో తాతగారు ప్రశాంతంగా వెల్లకిలా పడుకుని కనిపించేవారు. ఆ ప్రశాంతతే ఆయన వీపుని తినేసింది. కెమెరాకి వీపు కనబడదు.

ఇంట్లోనే చూసుకున్నాం అని గర్వంగా చెప్పుకునే ఇళ్ళలో చూసింది ఎవరో కూడా చెప్పుకోవాలి. బాబాయి వాళ్ళమ్మ ఆరేళ్ళు మంచంలో ఉంది. ఆ ఆరేళ్ళూ పక్క మార్చింది, మలమూత్రాలు ఎత్తింది పిన్ని ఒక్కతే. చెల్లెలి పెళ్ళికి కూడా పూట కంటే ఎక్కువ ఉండలేకపోయింది. ఇవాళ ఆవిడ నడుముకి బెల్టు లేకుండా లేవలేదు. ఆ చాకిరీ మీద నిలబడి ధర్మం మాట్లాడడం బాబాయికి తేలిక. పిన్ని మాత్రం ఆ రోజు పంక్తిలో ఏమీ అనలేదు. తర్వాత దొడ్లో చేతులు కడుక్కుంటూ నన్నడిగింది: "అక్కడ రాత్రిళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళే?" చాకిరీ చేసిన మనిషి అడిగే ప్రశ్న అది.

పుణ్యం పేరుతో జరిగే ఇంకో పని కూడా చెప్పకుండా ఉండలేను. పుట్టినరోజులకి, తద్దినాలకి ఆశ్రమంలో అన్నదానం చేయించే అలవాటు మనకి బాగా ఉంది. పెట్టేవాళ్ళ మనసు మంచిదే. కానీ ఒక వారంలో మూడుసార్లు పులిహోర, పాయసం, లడ్డు తిన్న షుగరు పేషెంట్లని నేను చూశాను. తినిపించేటప్పుడు ఫోటో తీశారు, పడుకోబెట్టి నోట్లో చెంచా పెట్టారు, పొలమారింది. అంత ఖర్చు పెట్టి వచ్చినవాళ్ళలో ఒక్కరూ ఈ ఆయాకి జీతం అందిందా అని అడగలేదు. ఆ పాయసం డబ్బుతో నెల నెలా రాత్రి డ్యూటీకి ఒక మనిషి జీతంలో వాటా ఇస్తే ఆ పుణ్యం మంచాల దాకా చేరుతుంది.

పెద్దమ్మని ఆసుపత్రి నుంచి మళ్ళీ పాత చోటికి పంపలేదు. రెండోసారి వెతికేటప్పుడు నేను ఎవరి దగ్గరా దాచలేదు. రిటైరైన నర్సు వదినని వెంటబెట్టుకుని, రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే వెళ్ళాను. ఏడు చోట్లకి వెళ్ళాం. నాలుగు చోట్ల గేటు దాటనివ్వలేదు. ఒక చోట లోపలికి రానిచ్చారు గానీ, హాల్లో లైట్లన్నీ తీసేసి ఉన్నాయి, ఎనిమిదిన్నరకే అందరూ గాఢ నిద్రలో ఉన్నారు. వదిన మందుల షీటు అడిగింది. చూసి బయటికి వచ్చాక చెప్పింది, మతిమరుపు ఉన్న సగం మందికి రాత్రి మత్తునిచ్చే యాంటీసైకోటిక్ మందులు రాసి ఉన్నాయని. ఆ జాతి మందుల వల్ల మతిమరుపు ఉన్న వృద్ధుల్లో మరణాలు పెరుగుతాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక ఇచ్చింది. స్టాఫ్ తక్కువైన చోట రాత్రి గడవడానికి మాత్రే దారి. ఇంకో చోట చవక, చిన్నది, యజమానురాలు చాలా ఆప్యాయంగా మాట్లాడింది. కానీ మంచినీళ్ళ గ్లాసులు కిటికీ గట్టు మీద వరసగా ఉన్నాయి, మంచం మీద ఉన్న ఏ చేతికీ అందని దూరంలో. పేద ఇల్లయితే మంచిదనీ, డబ్బున్నదైతే చెడ్డదనీ నేను చెప్పడం లేదు. రెండిట్లోనూ గ్లాసు ఎక్కడుందో చూడాలి.

ఏడోది పాత మొజాయిక్ ఇల్లు. గోడలకి రంగు ఊడింది, ఫినాయిలు వాసన, బాత్రూము గచ్చు జారుడుగా ఉంది. యజమాని పెళుసుగా మాట్లాడతాడు. "చూసుకోండి, వాళ్ళని మాత్రం లేపకండి" అని లోపలికి పంపాడు. పద్నాలుగు మంచాలు. ఇద్దరు ఆయాలు, ఒక ఏఎన్‌ఎం అమ్మాయి. ప్రతి మంచానికీ దారంతో ఒక నోటుబుక్కు, పెన్ను కట్టి ఉన్నాయి. ఎన్నింటికి పక్క మార్చారు, ఏ వైపుకి, ఎంత తిన్నారు, ఎంత తాగారు, మోషన్ అయిందా అని రాసి ఉంది. వదిన ఆ రాతని టార్చి వేసి చూసింది. నాకు అప్పుడు తెలియని కిటుకు అది: రోజంతటిదీ ఒకే సిరాతో, ఒకే ఒరవడిలో ఉంటే ఎవరో సాయంత్రం కూర్చుని నింపేశారన్నమాట. ఇక్కడ మూడు రకాల చేతిరాతలు, కొట్టివేతలు, ఒక చోట అన్నం మరక. తర్వాత ఆవిడ నన్ను పిలిచి ఒక ముసలాయన కాళ్ళ దగ్గర దుప్పటి కొంచెం ఎత్తి చూపించింది. పిక్కల కింద పల్చటి దిండు. మడమలు పరుపుకి తగలకుండా గాల్లో ఉన్నాయి. "ఇది చాలు, రేపు చేర్చు" అంది.

ఆయాలలో ఒకామెని ఎన్నాళ్ళుగా చేస్తున్నావని అడిగాను. తొమ్మిదేళ్ళు అంది. వారానికి ఒక పూట సెలవు, జీతం ఐదో తారీకు దాటదు అంది. ఇవి మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్నలు. మొదటి హోమ్‌లో పెద్దమ్మని చూసిన పిల్లకి పంతొమ్మిదేళ్ళు, ఒడిశా నుంచి వచ్చి అప్పటికి ఇరవై రోజులు. పెద్దమ్మ "మంచినీళ్ళు" అంటే ఆ పిల్లకి అర్థమయ్యేది కాదు. ఆ పిల్లని నేను తప్పు పట్టను. నెలకో మనిషి మారిపోయే చోట, పడిపోయిన నోటితో మా పెద్దమ్మ అనే మాటలు ఎవరికి అర్థమవుతాయి? రెండో చోట పది రోజుల్లో ఆ తొమ్మిదేళ్ళ ఆయా కనిపెట్టింది, పెద్దమ్మ పెరుగన్నం వద్దని మొహం తిప్పుకుంటే దాని అర్థం మాగాయ ఊట కలపమని.

పెద్దమ్మ అక్కడ పద్నాలుగు నెలలు బతికింది. మడమ మానింది. నడుము పుండు చిన్నదైంది గానీ పూర్తిగా మూసుకోలేదు, దానికి ఆలస్యమైపోయింది. నేను మంగళవారం రాత్రి ఒకసారి, శుక్రవారం పొద్దున ఏడింటికి ఒకసారి వెళ్ళేదాన్ని, ఏ వారం ఏ వేళకో చెప్పకుండా మారుస్తూ. వెళ్ళగానే ముందు దుప్పటి ఎత్తి మడమలు, తుంటి, నడుము చూసేదాన్ని. మన ఛాయకి ఎరుపు కనబడదు. కొంచెం నల్లబడ్డట్టు, చుట్టూ కంటే వెచ్చగా, గట్టిగా తగిలితే అక్కడ మొదలైందన్నమాట. బరువు ప్రతి నెలా రాయించాను. 50 కిలోల మనిషి ఒక్క నెలలో రెండున్నర కిలోలు తగ్గితే ఏదో జరుగుతోందని నిలదీయాలని వదిన చెప్పింది. ఒక నెల తగ్గింది, అడిగాను, పళ్ళ సెట్టు వదులైందని తేలింది. యజమానికి నేనంటే విసుగే. ఆయన విసుక్కున్నా నా ప్రశ్నకి జవాబు చెప్పాడు, నాకది చాలు. జవాబు చెప్పని చోట 14567కి ఫోన్ చేయవచ్చు, వృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ అది. ఆ నంబరు మొదటి హోమ్‌లో నాకు తెలిసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

అన్నయ్య ఇప్పటికీ నాతో ఈ సంగతి పూర్తిగా మాట్లాడడు. చేర్చినందుకు బాధపడుతున్నాడు. నేను బాధపడేది ఆ ఎనిమిది ఆదివారాలకి. ఈ రెండు బాధలూ ఒకటి కావని బాబాయికి ఎలా చెప్పాలో ఆ రోజు సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు తెలియలేదు.

పోయిన నెల పాత ఆఫీసులో నాతో పనిచేసిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారికి తుంటి విరిగింది, తల్లి లేదు, తనకి ఇద్దరు చిన్నపిల్లలు. "అక్కా, మంచి హోమ్ ఏదైనా ఉంటే చెప్పవా? ఎవరికీ చెప్పకు ప్లీజ్" అంది గొంతు తగ్గించి. మీ అన్నయ్యకి, మేనత్తకి, ఎదురింటి వాళ్ళకి అందరికీ చెప్పు అన్నాను, ఎంతమందికి తెలిస్తే అంతమంది వెళ్ళి చూస్తారు. ఆదివారం చూద్దామా అంది. రేపు రాత్రి ఎనిమిదిన్నరకి చూద్దామన్నాను.

ముగ్గురం వెళ్ళాం, వాళ్ళ మేనత్త కూడా వచ్చింది. మొదటి చోట వాచ్‌మన్ విజిటింగ్ టైమ్ అయిపోయిందన్నాడు. రెండో చోట గేటు తీశారు. హాల్లో చివరి మంచం దగ్గర ఒక ఆయా, ముసలావిడ తల కింద చేయి పెట్టి లేపి, చెంచాతో మజ్జిగ పడుతోంది. ఒక చెంచా, గుటక పడే దాకా ఆగడం, మళ్ళీ ఒక చెంచా. మేం వచ్చినట్టు ఆమె చూడలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాం.